మరియమ్మ ఎక్కిన డోలీ

మా కొండమీద గాడిద లేదు. ఎప్పుడూ లేదు. అయినా ప్రతి క్రిస్మస్‌కీ మా సంఘం నాటకంలో మరియమ్మ గాడిదతోనే బెత్లెహేము వెళ్ళేది. అట్టపెట్టెలు కోసి, బొగ్గుతో కళ్ళు దిద్ది, జీలుగు పీచుతో తోక కట్టి ఒక గాడిదను చేసేవాళ్ళం. దాన్ని ఇద్దరు మోస్తుంటే మరియమ్మ పక్కన నడిచేది. ఎక్కితే విరిగిపోతుంది కదా! "నిండుసూలాల్ని నడిపించుకెల్తన్నాడు, ఈడేం మొగుడప్పా" అని ముసలాళ్ళు యోసేపును తిట్టేవారు. ఊరంతా పడీ పడీ నవ్వేది.

ఆ నాటకాలన్నీ రాసింది నేనే. నా పేరు సోములమ్మ. ఆశ్రమ పాఠశాలలో చదివాను కాబట్టి రాయడం వచ్చు, నోరు అంతకంటే బాగా వచ్చు. మేం ఇళ్ళల్లో మాట్లాడుకునేది ఆదివాసీ ఒడియా. నాటకం మాత్రం తెలుగులో రాసేదాన్ని, అదీ బైబిలు తెలుగులో. మైదానం నుంచి వచ్చిన మా యర్రయ్య పాస్టరుగారికీ, దుప్పట్లు పంచడానికి విశాఖపట్నం నుంచి వచ్చే అతిథులకీ అర్థం కావాలి కదా. "వెళ్ళుదము రమ్ము" అని మా గుంటలు, ఈ కొండ పిల్లలు, పలుకుతుంటే నోట్లో గులకరాళ్ళు పెట్టుకున్నట్టుండేది.

కిందటేడాది క్రిస్మస్‌కి ముందు, వాకిట్లో కాఫీ పళ్ళు ఆరబోస్తుంటే గాసి వచ్చాడు.

గాసి నా అల్లుడు, నా కూతురు చిన్నమ్మి మొగుడు. చిన్నమ్మి లేదు. అంతకు ముందు వానల్లో, నెలలు నిండి నొప్పులొస్తే, గాసీ అతని తమ్ముడు మంగ్లూ డోలీ కట్టి మోసుకెళ్ళారు. వెదురు బొంగుకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని కూర్చోబెట్టి, చెరో వైపు భుజాన ఎత్తుకోవడమే డోలీ. మా ఊరికి రోడ్డు లేదు. కొండ కింద గెడ్డ ఉంది, వాగన్నమాట. అంబులెన్సు దాని అవతల వరకే వస్తుంది. ఫోను పలకాలన్నా గెడ్డ దగ్గరకే పోవాలి. అందుకని నేను ముందు పరుగెత్తాను. ఫోను చేశాను. బండీ వచ్చింది. ఒడ్డున నిలబడి వానలో ఎదురు చూస్తుంటే డోలీ వచ్చింది. దుప్పటి తీసి చూస్తే నా కూతురు పోయింది. కడుపులో బిడ్డా పోయింది.

దారిలో ఏమైంది, నా గుంట ఏమైనా అన్నదా అని గాసిని అడిగాను. పెదవి విప్పలేదు. వెనక మోసిన మంగ్లుకి వానలో ఏమీ వినబడలేదట. గాసి మాత్రం ముందు మోశాడు, దాని మొహం అటే, అతనికి వినబడింది. బతిమాలాను, తిట్టాను, అన్నం పెట్టి అడిగాను. ఊహూఁ. దాంతో నేనూ మాట మానేశాను. నా కూతురి ఆఖరి మాట మింగి కూర్చున్నవాడితో నాకేం మాటలు?

ఇంకో సంగతి. డోలీలో మనిషి పోతే ఆ బొంగు విరిచి, దుప్పటి చింపి, పాతిపెట్టిన చోటే వదిలేసి రావాలి. యేసుప్రభువును నమ్ముకున్నాక మేం చాలా వదిలేశాం. కోళ్ళ బలులు వదిలేశాం, దయ్యాలు వదిలించే గురుమాయి దగ్గరకు పోవడం వదిలేశాం. ఇది మాత్రం వదల్లేదు. గాసి ఆ బొంగు విరవలేదు. దుప్పటితో సహా ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాడు. ఊళ్ళోవాళ్ళు అతని ఇంటి ముందు నుంచి నడవడం కూడా తగ్గించారు.

అలాంటివాడు వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అత్తా, ఈ యేడు యోసేపు నానే కడతాను."

"కట్టు. ఎవులొద్దన్నారు?"

"గాడిదొద్దు. మరియమ్మని డోలీలో మోత్తాను."

"ఏ డోలీ?"

తల దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న చేట విసిరికొట్టాను. కాఫీ పళ్ళు వాకిలంతా దొర్లాయి.

"నీకు మతి గానీ పోనాదేటి? నా గుంట సచ్చిన డోలీ తెచ్చి పందిట్లో ఆటాడతావా?"

గాసి పళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. తలెత్తకుండానే చెప్పాడు.

"ఆ డోలీలోంచి ఒక్క ఆడది పేనంతో దిగడం నాను సూడాలత్తా. ఒట్టి నాటకమే అవనీ. ఒక్కసారి సూడాలి. కళ్ళు మూసుకుంటే దిగని మనిసే కనబడతంది నాకు."

ఏమనను? నేనూ వంగాను. ఇద్దరం కలిసి ఆ పళ్ళు ఏరుకున్నాం.

అట్ట గాడిదను తీసేసి నాటకం మార్చి రాశాను. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో చెప్పాను. చెప్పానో లేదో, తేనెతుట్టె కదిలింది.

మొదట అడ్డుపడింది పాస్టరుగారే. మనిషి మంచివాడు. చిన్నమ్మి సమాధి దగ్గర వానలో తడిసి ముద్దయిపోతూ ప్రార్థన చేసింది ఆయనే. కానీ పండగ దగ్గర మాత్రం పట్టుదల.

"క్రీస్తు పుట్టిన రోజు సంతోషించాలి సోములమ్మా. దుఃఖాన్ని మోసుకొచ్చి పందిట్లో దించుతావా? ప్రార్థనలో ఏడవండి, దేవుడు వింటాడు. నాటకం వేరు, ప్రార్థన వేరు."

"అయ్యగారూ, మరియమ్మ నొప్పులతో ఎక్కడెక్కడో తిరిగినప్పుడు సంతోసంగా తిరిగిందేటండి? సోటు లేదు పొండని అందరూ తలుపులేసుకుంటే నవ్వుకుంటా ఎల్లిందా?"

ఆయన జవాబు చెప్పేలోగా రమణి తల్లి లేచింది. అంతకు ముందేడు మరియమ్మ వేషం కట్టింది రమణే.

"నా గుంటని సచ్చినోల డోలీ ఎక్కిత్తావేటి? నీ నాటకం మీద మన్నడ! పెల్లి కావలసిన పిల్ల!"

మిగతా తల్లులు కూడా తమ ఆడపిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నారు. ప్రభువు దయ్యాల్ని వెళ్ళగొట్టాడని పాటలు పాడేది వీళ్ళే. అందరూ తలలు అడ్డంగా ఊపుతుంటే పాస్టరుగారు చిక్కు తెగిందనుకున్నారు.

"సరే, ఎవరైనా ఎక్కుతామంటే డోలీతోనే ఆడండి. ఎవరూ ఎక్కకపోతే గాడిదే."

గాసి తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్క మొహమే చూస్తున్నాడు. ఎవరూ అతని వంక చూడటం లేదు. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో కోపం, అరిచేశాను.

"నానెక్కుతాను!"

మందిరం నవ్వులతో దద్దరిల్లింది. "ముసల్దానికి దసరా పండగ" అన్నాడు ఎవడో వెనక నుంచి. "తలనెరిసిన మరియమ్మ! ఆ పుట్టే బిడ్డకి గెడ్డముంటాదేమో" అని ఇంకొకడు. నవ్వండ్రా నవ్వండి అనుకున్నాను. గాసి మాత్రం నవ్వలేదు. నా మోకాళ్ళ వైపు చూశాడు.

"దిగగలవా అత్తా?"

"ఎక్కినదాన్ని దిగలేనేటి?"

పండగ వచ్చింది. అతిథులు గెడ్డ దగ్గర జీపు ఆపి, రొప్పుతూ కొండెక్కారు. దుప్పట్ల మూటలు మా మగాళ్ళే మోశారు. ఆరాధన అయ్యి, మధ్యాహ్నం ఎండ వాలాక పందిట్లో నాటకం మొదలైంది. ప్లాస్టిక్ కుర్చీల్లో అతిథులు, పక్కన పాస్టరుగారు, చుట్టూ నేలమీద ఊరు. పందిరి మధ్య ఖాళీ చుట్టూ డోలీ తిరగాలి. అదే బెత్లెహేము దారి. తిరిగి తిరిగి పాక దగ్గర దించాలి. నేను దిగాలి. దేవదూత వేషం కట్టిన రమణి వచ్చి, భయపడకండి అని చెప్పాలి. అంతే నాటకం.

నీలం చీర తల మీదుగా కప్పుకుని, కడుపు దగ్గర గుడ్డలు చుట్టుకుని వచ్చేసరికి అతిథులు మొహమొహాలు చూసుకున్నారు. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గాసి బొంగు పట్టుకుని తెచ్చాడు. ఆ దుప్పటి ఎర్రగళ్ళది, నేనే ముంచింగిపుట్టు సంతలో కొన్నది. దాన్ని చూడగానే నవ్వుతున్న మా వాళ్ళందరూ చప్పున ఆగిపోయారు. ప్రభువా అనుకుని కూర్చున్నాను. గాసీ మంగ్లూ ఎత్తారు.

లోపల కూర్చుంటే ఆకాశం కనబడదు. దుప్పటి రెండు వైపులా మూసుకుపోతుంది. ఎర్రటి వెలుతురు, ముందు నడిచేవాడి మడమలు, అంతే. నా బిడ్డ ఆఖరున చూసింది ఇదా అనుకున్నాను. మడమలు పగిలిన గాసి కాళ్ళు.

మొదటి చుట్టులో గాసి నేను రాసిన మాటలే చెప్పాడు. "మరియా, ధైర్యము తెచ్చుకొనుము." నేనూ రాసినట్టే మూలిగాను. రెండో చుట్టులో మంగ్లూ అతనూ భుజం మార్చుకున్నారు. బొంగు కిర్రుమంది. ఆ చప్పుడుకి ఏమైందో, గాసి నడక మారింది. గబగబా అడుగులు పడ్డాయి. మా భాషలోకి దిగిపోయాడు.

"తొంగోకే, కళ్ళు ముయ్యకే. మాటాడు. ఏదోటి మాటాడు."

ఇది నేను రాసిన మాట కాదు.

"అదిగో గెడ్డ. కనబడతందా? మీ యమ్మ ఒడ్డున నిల్చుంది. సెయ్యూపుతంది సూడు."

ఆగాడు. జవాబు వచ్చేంత సేపు ఆగి, మళ్ళీ అందుకున్నాడు.

"ఏటీ? ఆకలా? గెడ్డ దాటగానే తాగుదువు. మీ యమ్మ సోడంబలి కాసి తెచ్చింది, కుండ కనబడతంది నాకు. ఓర్సుకోవే, వొచ్చీసేం."

నేను కుండ తేలేదు. వానలో నా చెయ్యి ఎవరికీ కనబడి ఉండదు. గెడ్డ అప్పటికి ఎంత దూరంలో ఉందో దేవుడికే తెలుసు. వీడు నా బిడ్డకి అబద్ధాలు చెప్పుకుంటూ మోశాడు. నేను ఒడ్డున కనబడుతున్నాననీ, అంబలి కాచి తెచ్చాననీ చెప్పాడు. నా చిన్నమ్మి చోళ్ళ అంబలి అడిగి, ఆకలితో పోయింది. నోట్లో కొంగు కుక్కుకున్నాను. పందిట్లో ఎవరో ఆడమనిషి గొల్లుమంది. మా భాష అతిథులకి రాదు, మా వాళ్ళకి మాత్రం ప్రతి మాటా అర్థమైంది.

"మాటాడే," అన్నాడు గాసి. ఆగాడు. "చిన్నమ్మీ, మాటాడే." మళ్ళీ ఆగాడు. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. ఒట్టి నడకే.

పాక దగ్గర దించారు. నేను దిగాలి. దిగబోతే కుడికాలు నాది కాదు. తొడ నుంచి మడమ దాకా తిమ్మిరెక్కి మొద్దుబారిపోయింది. చేతులు నేలకి ఆనించి లేవబోయి మళ్ళీ దుప్పట్లోనే పడ్డాను. దేవదూత రమణి రెక్కలతో సహా తల్లి వెనక నక్కింది.

గాసి వెనక్కి తిరగలేదు. బొంగు భుజం మీంచి దించి, అలాగే అవతలికి చూస్తూ నిలబడిపోయాడు. తిరిగి చూడటానికి భయం. నాకు కనబడేది అతని మడమలే.

"అన్నా, దించీసేం," అన్నాడు మంగ్లు మెల్లగా. గాసి కదల్లేదు.

ఇక లాభం లేదు. ఒక్క అరుపు అరిచాను.

"ఒరే గాసీ! సెయ్యియ్యరా! కాలు తిమ్మిరెక్కి సస్తన్నాను. బతికే ఉన్నాన్రా!"

తిరిగాడు. చెయ్యి ఇచ్చాడు. ఆ చేతిని పట్టుకుని, ఒంటికాలి మీద, దేకుతూ, తిట్టుకుంటూ లేచాను. డోలీ బయట నిలబడ్డాను. గాసి నా పాదాల దగ్గర మొదలుపెట్టి మొహం దాకా చూశాడు. చూసి చూసి, నేల మీద కూలబడి, చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. చిన్నమ్మి పోయిన రోజున కూడా ఏడవని మనిషి.

అతిథులు లేచి చప్పట్లు కొట్టారు. అద్భుతంగా నటించారమ్మా అన్నారు. ఫోన్లలో తీసుకున్నారు. పాస్టరుగారు చప్పట్లు కొట్టలేదు. ప్రార్థన చెయ్యడానికి లేచారు గానీ, "ప్రభువా" అన్నాక ఆయనకి తర్వాతి మాట దొరకలేదు. అలాగే నిలబడి నిలబడి, కూర్చుండిపోయారు.

అందరూ అన్నాలకి లేచాక గాసి పక్కన కూర్చున్నాను.

"అంబలడిగిందా?"

"అడిగింది."

"ఇంకేటంది?"

"మా యమ్మ అలాగ పరిగెడతంది, పడిపోద్దేమో అంది. అంతే అత్తా. నీకు సెప్తే నువ్వు బతకవనుకున్నాను."

ఇద్దరం ఏడ్చాం. దాచుకోవడానికి ఇంకేముంది? రేపు తెల్లారగానే చిన్నమ్మి సమాధి దగ్గరకెళ్ళి ఆ బొంగు విరిచేద్దాం అన్నాడు. అలాగే అన్నాను. చాలా కాలం తర్వాత నా ఇంట్లో నా అల్లుడు అన్నం తిన్నాడు.

కథ ఇక్కడ అయిపోతే ఎంత బాగుండును!

తెల్లారి మేం బొంగు పట్టుకుని బయల్దేరుతుంటే అప్పలనర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. మా వీధి చివరి ఇల్లు ఆమెది. కూతురు రత్నాలుకి తొలి చూలు. నొప్పులు మొదలయ్యాయట, ఉమ్మనీరు పోయిందట.

"అప్పా, నా యక్కవి కదూ, ఆ డోలీ ఇయ్యవా?"

"ఇదెందుకే? మీ యింట బొంగు లేదేటి? దుప్పటి లేదేటి? నిన్ననే కదా కొత్తవి పంచేరు!"

"అది కాదప్పా. ఇదైతే... ఇందులోంచి నువ్వు దిగేవు కదా. అందరం సూసేం కదా."

నాకు బుర్ర తిరిగిపోయింది. ఓరి దేవుడా! నేను ఎందుకు ఆడాను, వీళ్ళు ఏం చూశారు? మైదానపు వాళ్ళు చూస్తారు, మా కొండకి రోడ్డు లేదని ఎవరికో చెబుతారు అనుకున్నాను. దేవుడికి కూడా ఒక మాట గట్టిగా వినబడుతుందనుకున్నాను. వీళ్ళు డోలీని మొక్కుతున్నారు! మొన్న దాని పేరెత్తితే పిల్లల్ని ఒళ్ళోకి లాక్కున్నవాళ్ళు!

"ఇంకోటప్పా," అప్పలనర్సమ్మ నా చేతులు పట్టుకుంది. "ముందు నువ్వోసారి ఎక్కి దిగు. అప్పుడు మా గుంటని ఎక్కిత్తాం."

పాస్టరుగారు రాత్రికి ఊళ్ళోనే ఉండిపోయారు. ఆయన కూడా వచ్చారు. "అమ్మా, ఇది మూఢనమ్మకం. బేగి బయల్దేరండి, ప్రార్థన చేస్తాను," అన్నారు. పదేళ్ళుగా మా మధ్య తిరిగి, త్వరగా అనడం పోయి ఆయనకీ మా 'బేగి' పట్టుకుంది. ఇంతలో రత్నాలుని నడిపించుకొచ్చారు. పిల్ల మొహం బూడిద రంగులో ఉంది, పెదవులు కొరుక్కుంటోంది. డోలీ వైపు కాదు, నా వైపు చూస్తోంది. పాస్టరుగారు ఆ చూపు చూసి, తల దించుకున్నారు.

మాటలకి టైము లేదు. ఛీ మీ బతుకులు మండ అని తిట్టి, వెళ్ళి డోలీలో కూర్చున్నాను. గాసి ఎదురుగా నిలబడి చెయ్యి ఇచ్చాడు. దిగాను. రత్నాలు ఎక్కింది. గాసి ముందు, మంగ్లు వెనక, నేను పక్కన, పరుగు. ఈసారి ఒక కుండలో అంబలి పట్టుకెళ్ళాను.

రత్నాలు బతికింది. గెడ్డ దాటాక అంబులెన్సులోనే ఆడపిల్లని కంది. ఊరంతా దేవుణ్ణి స్తుతించారు. దేవుణ్ణి స్తుతించి, బొంగు విరవొద్దని గాసితో చెప్పారు.

ఆ తర్వాత ఎండల్లో ఇంకొకామె అదే డోలీలో వెళ్ళి వచ్చింది. వానల్లో హేమలత వెళ్ళింది. ఆమెకి కూడా నేను ఎక్కి దిగాను. హేమలత దిగలేదు. దారిలో పెద్దబండ దగ్గరే పోయింది, చిన్నమ్మి పోయిందని గాసి చెప్పిన చోటే. ఆమె మొగుడు నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆ రోజు నేను గాసిని పట్టుకుని, ఇప్పటికైనా దీన్ని విరిచెయ్యరా అని అరిచాను. గాసి బొంగు మోకాలి మీద పెట్టాడు కూడా. అడ్డుపడింది హేమలత తల్లే.

"వొద్దప్పా. నా రెండో గుంటకి అయిదో నెల."

ఇప్పుడు మళ్ళీ క్రిస్మస్ వస్తోంది. అతిథులు కబురు పంపారు, ఆ నాటకమే మళ్ళీ వెయ్యమని, ఫోన్లో చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారని. మేం క్రిస్మస్ దాకా ఆగడం లేదు, ఎప్పుడొచ్చినా చూడొచ్చని చెప్పించాను. పాస్టరుగారు ఆ కబురు వాళ్ళకి చెప్పారో లేదో తెలీదు. "ఇది నాటకమా, ప్రార్థనా సోములమ్మా?" అని ఒకసారి నన్నే అడిగారు. నాకేం తెలుసు? ఆయనే చదువుకున్నాడు. ఒకటి మాత్రం చూశాను. ఇప్పుడు నేను డోలీ ఎక్కుతుంటే ఆయన కూడా చెప్పులు విడిచి నిలబడుతున్నాడు.

నిన్న పొద్దున హేమలత చెల్లెలికి నొప్పులొచ్చాయి. ఎక్కి కూర్చున్నాను. మోకాళ్ళు వంగడం లేదు, లేవడం మరీ కష్టం. ఎదురుగా ఆ పిల్ల కడుపు పట్టుకుని, కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది. గాసి చెయ్యి చాచాడు. పట్టుకుని లేచాను. అతను ఎప్పటిలాగే నా పాదాల నుంచి మొహం దాకా చూశాడు.

"దిగేన్రా," అన్నాను. "బేగి పద."